ఆ బస్సు సంగతి ఎవరూ రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆరిలోవలో ఉంటాను. ఆర్టీసీలో కండక్టర్‌గా ముప్పై ఏళ్ళ పైన చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. పొద్దున్నే టీ కొట్టు దగ్గర మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం అలవాటు, కానీ ఉత్తరం రాయడం ఇదే ఫస్టు. తప్పులుంటే దిద్దుకోండి, పొడుగైపోతే కొంచెం కత్తిరించుకోండి, కానీ బస్సు గురించి రాసిన ముక్క మాత్రం తియ్యకండి.

2024లో అమెరికా ఎలక్షన్లప్పుడు మన పేపర్లు టీవీలు అన్నీ ఒకటే హడావుడి. కమలా హారిస్ తాతగారి ఊరు తమిళనాడులో తులసేంద్రపురం అని, అక్కడ గుళ్ళో ఆవిడ పేరు మీద పూజలు చేయించారని ఫోటోలు వేశారు. ఇటేమో వైస్ ప్రెసిడెంట్ పోటీలో ఉన్న వాన్స్ గారి భార్య ఉషా చిలుకూరి వాళ్ళది మన పశ్చిమ గోదావరి వడ్లూరని, ఇక్కడ వైజాగ్‌లోనే బంధువులున్నారని రోజుల తరబడి రాశారు. తప్పు లేదు, మనోళ్ళు ఎక్కడున్నా మనకి సంతోషమే. కానీ ఎవరి కూతురు, ఏ ఊరు, ఏ ఇంటిపేరు, ఇవే తిప్పి తిప్పి రాశారు గానీ ఆ కమల అనే ఆవిడ చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళిందో ఎవరూ సరిగ్గా రాయలేదు. నాకు మటుకు ఆవిడ గురించి మనసులో నిలిచిపోయింది అదొక్కటే, ఎందుకంటే అది బస్సు సంగతి, నా బతుకంతా బస్సులోనే గడిచింది కదా.

2019 జూన్ 27న మయామీలో, ప్రెసిడెంట్ పోటీకి ఎవర్ని నిలబెట్టాలో తేల్చుకోవడానికి వాళ్ళ పార్టీ డిబేట్ జరిగింది. బైడెన్ గారు కూడా ఆ స్టేజీ మీదే ఉన్నారు. 1970ల్లో ఆయన సెనేటర్‌గా ఉన్నప్పుడు నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే బడిలో కలపడానికి గవర్నమెంటు బలవంతంగా బస్సుల్లో పంపడాన్ని వ్యతిరేకించారు. కమల గారు అందరి ముందూ ఆయన్ని నిలదీసి, కాలిఫోర్నియాలో ఒక చిన్నపిల్ల ఉండేది, రోజూ బస్సెక్కి బడికెళ్ళేది, ఆ చిన్నపిల్లని నేనే అంది. మా అమ్మాయి ఏయూలో ఎమ్మే చదివింది, ఆ వీడియో ఫోన్లో పెట్టి నాకు మాట మాటకీ అర్థం చెప్పింది. నేను రెండోసారి పెట్టమన్నాను. ఆ తర్వాత మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఆ బస్సుల కథంతా చదివించుకున్నాను, కిందటేడు రిటైరయ్యాక ఇంకా తీరుబడిగా విన్నాను.

ఆవిడ ఆ బస్సెక్కిన బర్క్‌లీ అనే ఊరు సంగతి చెప్తాను. అది కూడా మన వైజాగ్ లాగే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కొండలు ఉన్న ఊరు. అక్కడ కొండల మీద డబ్బున్న తెల్లవాళ్ళ ఇళ్ళు, కింద పల్లంలో నల్లవాళ్ళు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు. మన దగ్గర తిరగబడి ఉంటుంది, కొండవాలు మీద రేకుల ఇళ్ళలో మేము, కింద చదును మీద కాలనీల్లో పెద్దోళ్ళు. అక్కడ బడి గుమ్మం మీద నల్లవాళ్ళు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. నల్లవాళ్ళకి కొండ మీద ఇల్లు అమ్మేవాళ్ళు కాదు, అద్దెకిచ్చేవాళ్ళు కాదు, ఎవరి పేటలో బడి వాళ్ళదే కాబట్టి ఇళ్ళు వేరైతే బడులు వాటంతట అవే వేరైపోతాయి. కమల వాళ్ళమ్మ శ్యామల గారు 1958లో పందొమ్మిదేళ్ళకి చదువు కోసం ఆ ఊరి యూనివర్సిటీకి వెళ్ళి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, తండ్రి జమైకా నుంచి వచ్చిన ఎకనామిక్స్ ప్రొఫెసరు. ఇద్దరూ అంత చదివినవాళ్ళు, తర్వాత విడిపోయారు. పిల్లలిద్దరితో ఆ తల్లి ఉన్నది పల్లంలోనే, ఒక పిల్లల కేర్ సెంటర్ పైన పోర్షన్లో.

1954లోనే అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో రంగుని బట్టి బడులు వేరు చెయ్యడం రాజ్యాంగానికి విరుద్ధం అని చెప్పేసింది. చెప్తే అయిపోద్దా? వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ వాళ్ళు నల్ల పిల్లల పక్కన మా పిల్లలు కూర్చోవాలా అని 1959లో మొత్తం గవర్నమెంటు బడులన్నీ మూసేశారండి. మూసేసి తెల్ల పిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. 1964 దాకా గవర్నమెంటు బడి తెరవలేదు. ఆ ఏళ్ళలో అక్కడ పుట్టిన పాపానికి ఎంతమంది నల్ల పిల్లలు అక్షరం ముక్క లేకుండా పెరిగిపోయారో, అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. చివర్లో 1963లో ఆ పిల్లల కోసం ఫ్రీ స్కూళ్ళు పెడితే వాటిని నడపడానికి వెళ్ళినాయన నీల్ సల్లివాన్, ఆ మరుసటేడే బర్క్‌లీకి బడుల పెద్దగా వచ్చారు. వచ్చేసరికి అక్కడ కూడా గొడవే. పెద్ద క్లాసుల పిల్లల్ని కలిపినందుకు స్కూలు బోర్డు మెంబర్లని పదవుల్లోంచి దింపేద్దామని 1964లో ఓటింగ్ పెట్టించారు కొందరు. ఊరి జనం ఓటేసి బోర్డునే నిలబెట్టారు. ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపించింది.

తర్వాత 1968లో చిన్న క్లాసులు కూడా కలిపేశారు. కోర్టు ఆర్డరు లేదు, పై నుంచి ఒత్తిడి లేదు, ఊరే అనుకుని చేసింది. మూడో తరగతి దాకా పల్లం పిల్లలు బస్సెక్కి కొండ మీద బడికి పోవాలి, నాలుగు నుంచి ఆరు దాకా కొండ మీద పిల్లలు బస్సెక్కి పల్లంలో బడికి రావాలి. అంటే ఎప్పుడూ బీదోళ్ళ పిల్లలే పొద్దున్నే లేచి ఎక్కడికో పోవడం కాదు, వాళ్ళ పిల్లలూ మన వీధిలోకి రావాలి. ఈ ముక్క విని నేను కాసేపు అలా కూర్చున్నాను. కమల ఒకటో తరగతికి ఎక్కింది ఆ బస్సే, దిగింది థౌజండ్ ఓక్స్ అనే బడి దగ్గర. 1963లో ఆ బడిలో నల్ల పిల్లలు వందకి ముగ్గురు కూడా లేరు, 1969కి వందకి 40 మంది అయ్యారు. అప్పుడు ఆ పిల్లకి ఇదంతా తెలీదట, పెద్ద పసుపు బస్సొస్తుంది, ఎక్కుతాం, బడికెళ్తాం, అంతే. ఒకటో తరగతి టీచరు ఫ్రాన్సెస్ విల్సన్ అనే ఆవిడ, కమల 1989లో లా పట్టా తీసుకున్నప్పుడు ఆ ఫంక్షన్‌కి వచ్చి కూర్చున్నారు.

బడి కలిసింది కదా అని లోకం మారిపోలేదు. వారం చివర తండ్రి ఉండే పాలో ఆల్టో వెళ్తే పక్కింటి పిల్లల్ని వీళ్ళతో ఆడుకోనిచ్చేవారు కాదట, నల్లవాళ్ళని. ఒక్కటి ఆలోచించండి ఎడిటర్ గారూ, ఆ పిల్ల తల్లి వైపు వాళ్ళు తమిళ బ్రాహ్మలు. అదే పిల్ల ఇక్కడ తాతగారింట్లో పుట్టి పెరిగితే ఆ రోజుల్లో ఏ ఊరి బడిలో అయినా ముందు వరసే. అక్కడ పుట్టింది కాబట్టి ఆటలోకి రానివ్వలేదు. పిల్లలో ఏ తేడా లేదు, చూసే కళ్ళలోనే ఉంది. మన దగ్గర పుట్టుకని బట్టి ముందు వరస వచ్చినోళ్ళు అమెరికా వెళ్ళి రంగు వల్ల ఒక మాట పడితే ఎంత కష్టంగా ఉంటుందో ఫోన్లు చేసి చెప్తుంటారు, నిజమే కష్టంగానే ఉంటుంది, మాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను, అది చెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలీదు.

ఆవిడ 1964 అక్టోబర్‌లో పుట్టింది. నేనూ ఇంచుమించు అప్పుడే పుట్టానని మా అమ్మ లెక్క, సర్టిఫికెట్‌లో మటుకు బడిలో మాస్టారు వేసిన తేదీ వేరే ఉంది. మాది చోడవరం వైపు ఒక పల్లె. ఆవిడ బస్సెక్కుతున్న రోజుల్లోనే నేను పలక పట్టుకుని మా ఊరి పెంకుటింటి బడికి నడిచి వెళ్ళేవాడిని, మా పేట నుంచి నలుగురు గుంటలం. మా చోటు బయట అరుగు మీద. లోపల పాఠం చెప్తుంటే గుమ్మంలోంచి వినాలి. పలక మీద రాసింది చూపించాలంటే గుమ్మం దగ్గర నేల మీద పెట్టి వెనక్కి జరగాలి, మాస్టారు చూసి మళ్ళీ నేల మీదే పెడితే తీసుకోవాలి. దాహమేస్తే కుండ దగ్గరికి పోకూడదు, లోపలి గుంటడు ఎవడైనా వచ్చి పై నుంచి పోస్తే దోసిలి పట్టాలి, వాడికి మనసైతే పోస్తాడు, ఆటలో ఉంటే పొయ్యడు. అంబేద్కర్ గారు సతారా బడిలో గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని విడిగా కూర్చున్నారని తర్వాత ఎప్పుడో తెలిసింది, మాకు ఆ పట్టా కూడా లేదు. అంటరానితనం రద్దు అని రాజ్యాంగంలో 17వ ఆర్టికల్ 1950 నుంచీ ఉంది, అంటే అమెరికా తీర్పు కంటే మనదే నాలుగేళ్ళు ముందు. మా అరుగు దాకా అది రాలేదు.

రెండో ఏడు విజయనగరం వైపు నుంచి ఒక మాస్టారు బదిలీ మీద వచ్చారు. సన్నగా ఉండేవారు, గొంతు మటుకు వీధి చివర దాకా వినిపించేది. మొదటి రోజే అరుగు మీద మమ్మల్ని చూసి "ఒరే గుంటలూ, ఎండలో ఏటక్కడ, లోపలికి రండి" అన్నారు. మేము కదల్లేదు. ఆయనే వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మధ్య వరసలో కూర్చోబెట్టారు. మా బడిలో ఒక మాస్టారు నన్ను ముట్టుకోవడం అదే మొదలు. నాలుగు రోజులు ఊళ్ళో వాళ్ళు పిల్లల్ని పంపలేదు, ఆయన మా నలుగురికే పాఠం చెప్పారు, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎక్కాలు మొత్తం ఆ మధ్య వరసలోనే నేర్చుకున్నాను, ముప్పై ఏళ్ళు టిక్కెట్టు లెక్కల్లో నాకు అన్నం పెట్టింది ఆ ఎక్కాలే.

ఏడాదిన్నర తిరిగేసరికి ఆయనకి బదిలీ అయిపోయింది. కొత్తాయన వచ్చారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, పొమ్మనలేదు, రమ్మనలేదు. సోమవారం పొద్దున్న గుమ్మం దాకా వెళ్ళి మా నలుగురం మొహమొహాలు చూసుకుని మేమే పోయి అరుగు మీద కూర్చున్నాం. అరవై దాటినా నాకు ఆ సోమవారం మర్చిపోవడం అవ్వట్లేదు.

అందుకే ఆ బర్క్‌లీ బస్సు నాకంత గొప్పగా కనిపించింది. మా మాస్టారు దేవుడి లాంటి మనిషి, కానీ ఒక్క మనిషి, ఆయన వెళ్ళిపోతే ఆయన చేసింది కూడా వెళ్ళిపోయింది. అక్కడ ఊరు ఓటేసి నిలబెట్టిన బోర్డు వాళ్ళు రూలు పెట్టారు, బస్సులు వేశారు, డ్రైవర్లకి జీతాలిచ్చారు, సల్లివాన్ గారు తర్వాత ఇంకో ఉద్యోగానికి వెళ్ళిపోయినా మర్నాడు పొద్దున్న బస్సు మాత్రం టైముకొచ్చింది. పిల్లని కూర్చోబెట్టింది ఒక మనిషి దయ అయితే ఆ పిల్ల రేపు మళ్ళీ బయటికి పోవచ్చు, బస్సు రూట్‌లో పడితే పోదు. డ్యూటీ చేసినవాడిని కాబట్టి చెప్తున్నాను, రూటు ఒకసారి వేశాక తియ్యడం ఎవరికైనా కష్టమే, స్టాపులో జనం అడుగుతారు.

కమల గారి మీద నాకొక బాధ కూడా ఉంది. ఆ డిబేట్ తర్వాత, ఇప్పుడు కూడా అలాంటి బస్సులు పెట్టాలా అని విలేకర్లు అడిగితే, అది ఒక మార్గం, ఆయా బడుల వాళ్ళు ఆలోచించుకోవాలి అన్నట్టు మాట్లాడింది. స్టేజీ మీద చెప్పినంత గట్టిగా చెప్పలేదు. 2020లో అదే బైడెన్ గారి పక్కన వైస్ ప్రెసిడెంట్‌గా గెలిచింది, 2024లో ప్రెసిడెంట్ పోటీలో ఓడిపోయింది, అవన్నీ వాళ్ళ రాజకీయం. బస్సు విషయంలో ఇంకాస్త నిలబడాల్సింది అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన వైజాగ్ విషయానికొస్తున్నాను. మనకీ అలాంటి చట్టం ఒకటి ఉంది, చాలామందికి తెలీదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బీద పిల్లలకి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి, ఇలా వెనకబడ్డ పిల్లలకి ఫ్రీగా ఇవ్వాలి. ప్రైవేటు బడుల వాళ్ళు కోర్టుకెళ్తే 2012లో సుప్రీంకోర్టు కుదరదు, ఇవ్వాల్సిందే అంది. మన రాష్ట్రంలో ఇది నిజంగా నడవడం మొదలై ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే లాటరీ తీస్తారు.

మా ఇంటి వెనక మెట్ల మీద ఒక కుటుంబం ఉంటారు. ఆయన ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల దగ్గర లోడింగ్ పని, చీకటితో వెళ్ళాలి. ఆవిడ ఎంవీపీ కాలనీలో రెండిళ్ళలో పని చేస్తుంది, ఆరున్నరకల్లా అక్కడుండాలి. వాళ్ళ పాపకి కిందటేడు ఈ లాటరీలో సీటొచ్చింది, పెద్ద బడిలో, హైవే అవతల. అప్లికేషన్ మా అమ్మాయే పెట్టింది కాబట్టి మా ఇంట్లో కూడా స్వీట్లు పంచాం. తీరా బడికి వెళ్తే, ఫీజు మటుకే ఫ్రీ అమ్మా, బస్సు ఫీజు వేరే కట్టుకోవాలి అన్నారు. ఆ బస్సు ఫీజు ఆవిడ రెండిళ్ళలో నెలంతా చేస్తే వచ్చే జీతం కంటే ఎక్కువ ఉంది. సిటీ బస్సు ఉంది కదా అంటారు, ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకి టిక్కెట్టు కూడా లేదు, చాలా మంచి పని, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ పొద్దున్న ఎనిమిదింటికి సిటీ బస్సులో ఆరేళ్ళ పిల్లని ఒంటరిగా ఎక్కించి హైవే దాటమంటామా? పెద్దోళ్ళకే కాలు పెట్టడానికి చోటుండదు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి లాగి లాగి నా కుడి భుజం ఇప్పటికీ పట్టేస్తుంది. తల్లి తోడు వెళ్దామంటే పని పోతుంది.

ఇప్పుడు నేనే తీసుకెళ్తున్నాను, రిటైరయ్యాను కాబట్టి, నాకూ కాలక్షేపం, ఆ పాప దారంతా బోర్డులన్నీ చదువుకుంటూ వస్తుంది. కానీ నేను ఎన్నాళ్ళు? నాకు జ్వరమొస్తే ఆ రోజు పాప బడి మానేస్తోంది. మళ్ళీ ఒక్క మనిషి మీదే ఆధారపడిందన్నమాట, మా మాస్టారి విషయంలో జరిగింది ఇదే.

లోపల కూడా ఒకటి జరిగింది. ఏదో ఫారాలు పంచడానికి క్లాసులో "ఫ్రీ సీటు పిల్లలు లేచి నిలబడండి" అన్నారట. ఆ టీచరుకి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, పని తొందరలో అనేసి ఉంటుంది. పాప సాయంత్రం ఇంటికొచ్చి "అమ్మా, ఫ్రీ సీటంటే ఏటే?" అని అడిగింది. ఈ పిల్లల్ని క్లాసులో వేరు చెయ్యకూడదు, వేరే చోట వేరే టైములో కూర్చోబెట్టకూడదు అని కేంద్రం తయారుచేసిన మోడల్ రూల్స్‌లోనే ఉంది. కూర్చోబెట్టలేదు నిజమే, నిలబెట్టారు. నాకు నా అరుగు గుర్తొచ్చింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. 25 శాతం సీటు వచ్చిన ప్రతి పిల్లకీ బస్సు కూడా ఆ సీటులో భాగం కావాలి. ఈ సీట్ల కోసం ప్రైవేటు బడికి గవర్నమెంటు ఇచ్చే డబ్బులో బస్సు ఖర్చు కూడా కలిపివ్వాలి, లేదా ఏరియా వారీగా పొద్దున్నొకటి సాయంత్రమొకటి పిల్లల కోసమే ఆర్టీసీ ట్రిప్పులు వెయ్యాలి, ఆరిలోవ, కంచరపాలెం, జాలరిపేట వైపు, కొండ మెట్ల దాకా బస్సు రాలేకపోతే కింద జంక్షన్ దాకా వచ్చినా చాలు. తోడుగా ఒక ఆయమ్మ ఉండాలి. సీటొచ్చి కూడా చేరని పిల్లలు ఎంతమంది, చేరి మానేసినోళ్ళు ఎంతమంది, ఎందుకు మానేశారు, ఆ లెక్క అధికారులు ఏటేటా బయటపెట్టాలి. మీ రిపోర్టర్లు ఒక్కసారి ఈ లెక్క అడగండి, మేమడిగితే ఎవరూ చెప్పరు.

బర్క్‌లీలో చేసినట్టు వాళ్ళ పిల్లలు మన మున్సిపల్ బడికి రావడం గురించి నేను ఇప్పుడు అడగట్లేదు. అడిగే హక్కు నాకు లేదు, నా పిల్లలిద్దర్నీ అప్పు చేసి ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలోనే చదివించాను. ఆ రోజుల్లో అదే మంచిదనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే మేమందరం ఒక్కొక్కరం అలా వెళ్ళిపోబట్టే ఆ బడుల గురించి అడిగే నోళ్ళు తగ్గిపోయాయి అనిపిస్తోంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. మా పాప రెండో తరగతికి వెళ్తుంది. నాకు కంటి ఆపరేషన్ ఉంది, డాక్టరు నెల రోజులు ఎండలోకి దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. ఆ నెల రోజులు పాపని ఎవరు తీసుకెళ్తారు అన్నది మా ఇంటి వెనక మెట్ల మీద ఇంకా తేలలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
ఆరిలోవ, విశాఖపట్నం